సిటీ పక్కన ఊరు పెరుగుతోంది: ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎందుకు

సిటీ పెరుగుతూ పెరుగుతూ పొలిమేర దాకా వచ్చిందంటే ఊళ్లో మాటలన్నీ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. ఎకరం ఎంత పలుకుతోంది, మాస్టర్ ప్లాన్‌లో మన సర్వే నంబరు ఏ రంగులో పడింది. ఊరు ఎటువైపు పెరగాలి, ఎంత వరకు పెరగాలి, కొత్తగా వచ్చే వెయ్యి ఇళ్ల మురుగు ఎక్కడికి పోవాలి అని అడిగేవాళ్లు తక్కువ, అడిగే సమయానికి సగం పొలాల్లో హద్దురాళ్లు పాతేసి ఉంటాయి. పంచాయతీలో ఉన్నవాళ్లకూ, భూమి ఉన్న రైతులకూ, ఊరి గురించి పట్టించుకునే కుర్రాళ్లకూ పనికొస్తుందని వేర్వేరు దేశాల్లో వాడి చూసిన పద్ధతుల్ని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ప్లానులో హద్దు గీత ఎక్కడ గీశారన్నదాని కన్నా, ఆ గీత వల్ల లాభపడేవాళ్లూ నష్టపోయేవాళ్లూ లెక్క పంచుకున్నారా లేదా అన్నది నాకు ముఖ్యం. పంచుకోని చోట ఎంత మంచి ప్లానుకైనా పక్కనుంచి గండి పడుతూనే ఉంటుంది.

చర్చల్లో రెండు ప్రశ్నలు ఎప్పుడూ కలిసిపోతుంటాయి, వాటిని విడదీస్తే సగం గొడవ తగ్గుతుంది. ఒకటి, ఇళ్లు ఎక్కడ రావాలి: ఉన్న ఊరి లోపలే సర్దుకోవాలా, అన్ని ఊళ్లకూ తలా కొంచెం పంచాలా, ఒకటి రెండు ఊళ్లను పెద్దవి చేయాలా, రైలు మార్గం వెంట పెంచాలా, పూర్తిగా కొత్త ఊరు కట్టాలా. రెండోది, దానికి కావలసిన భూమి ఎలా వస్తుంది: ఎవరికి వారు లేఅవుట్లు వేసుకోవడమా, ప్రభుత్వం సేకరించడమా, రైతులంతా భూములు కలిపి, రోడ్ల లాంటివాటికి కొంత తీసి మిగిలింది పంచుకోవడమా (దీన్నే పూలింగ్ అంటారు). మొదటి ప్రశ్నకు మంచి జవాబు దొరికినా రెండోదాంట్లో తప్పటడుగు వేస్తే అంతా పోతుంది.

ముందు నీళ్లు, మురుగు

ఏ పద్ధతి గురించి మాట్లాడే ముందైనా ఒక 200 గజాల ప్లాటును తీసుకుని చూడండి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, అంటే సుమారు 9 మీటర్లు ఇంటూ 18 మీటర్లు. ఊళ్లో పైపుల నీళ్లు లేవు, డ్రైనేజీ లేదు, కాబట్టి ఇంటి ముందు సెప్టిక్ టాంకు కట్టి, ఇంటి వెనక బోరు వేస్తారు. తాగునీటి బోరుకూ మురుగు ఇంకే గుంతకూ మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలని సాధారణంగా చెబుతారు, చాలాచోట్ల 30 మీటర్లు అడుగుతారు. ఈ ప్లాటులో ఆ రెంటినీ ఎంత దూరంగా పెట్టినా 15 మీటర్ల దగ్గరే ఆగిపోతారు. పక్కింటివాళ్లు తిరగేసి ముందు బోరు, వెనక టాంకు పెట్టుకున్నారనుకోండి, వాళ్ల గుంతకూ మీ బోరుకూ మధ్య పది మీటర్లు కూడా ఉండవు. 30 మీటర్ల నియమమైతే ఇంత ప్లాటులో ఎవరు ఎలా కట్టినా కుదరని పని. ఇలాంటి ఇళ్లు ఊరంతా మీద పదో పదిహేనో ఉంటే నేల తట్టుకుంటుందేమో గానీ, మూడొందలు ఒకేచోట వస్తే ఆ నీళ్లలో నైట్రేట్ పెరగడం మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో నైట్రేట్‌కు పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు, అది పసిపిల్లల ప్రాణాల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు. నీళ్లు మరిగించినా నైట్రేట్ పోదు.

అందుకే ఎక్కడైనా మొదట అడగాల్సింది ఇది: ఈ ఊరికి బయటి నుంచి నీళ్లు తెచ్చే దారి ఉందా, మురుగు శుద్ధి చేసి వదిలే చోటు ఉందా? రెండూ లేకపోతే ఆ ఊరు పెద్దగా పెరగకూడదు, రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా సరే. చాలామంది రోడ్డు చూసి ఊరు పెరుగుతుందని లెక్క వేస్తారు, నాకు అది తలకిందుల లెక్కలా అనిపిస్తుంది.

ఏ ప్లానూ లేకుండా లేఅవుట్ మీద లేఅవుట్

ఎక్కువ ఊళ్లలో జరుగుతున్నది ఇదే కాబట్టి దీన్ని కూడా ఒక పద్ధతిగానే చూడాలి. దీని బలం వేగం. రైతుకు డబ్బు వెంటనే చేతికొస్తుంది, కొనేవాళ్లకు ప్లాటు దొరుకుతుంది, ఏ ఆఫీసూ పదేళ్లు ఫైలు తొక్కిపెట్టదు.

నష్టం తర్వాత తెలుస్తుంది. ఒక్కో వెంచర్ లోపల రోడ్లు వెడల్పుగానే ఉంటాయి, కానీ అన్ని వెంచర్లకూ అప్రోచ్ మాత్రం ఒకప్పటి బండి బాటే. ఒక లేఅవుట్ రోడ్డు పక్క లేఅవుట్ గోడ దగ్గర ఆగిపోతుంది, పార్కు అని చూపించిన స్థలం ఎందుకూ పనికిరాని మూలలో ఉంటుంది, వర్షపు నీళ్లు వెళ్లే వాగును ఒకరు పూడిస్తే కిందివాళ్లు మునుగుతారు. బడికీ ఆసుపత్రికీ బస్సు మలుపు తిరగడానికీ స్థలం ఎవరి లెక్కలోనూ ఉండదు. తర్వాత రోడ్డు వెడల్పు చేయాలంటే కట్టిన ఇళ్లు కొట్టాలి.

పాత ఊరి నడిబొడ్డుకు జరిగేది ఇంకా అన్యాయం. ఢిల్లీలో 1908లో గ్రామ నివాస ప్రాంతాల చుట్టూ లాల్ డోరా అని ఒక హద్దు పెట్టారు, భూమి శిస్తు లెక్కల కోసం. తర్వాత సిటీ వచ్చి చుట్టూ ఉన్న పొలాల్ని మింగేసింది, ఊళ్లు మాత్రం మామూలు కట్టడాల నిబంధనల బయట చాలాకాలం ఉండిపోయాయి. ఫలితం ఇప్పుడు మునిర్కా, షాపుర్‌జాట్ లాంటి పాత ఊళ్ల సందుల్లో కనిపిస్తుంది: ఇళ్ల మీద ఇళ్లు, ఫైరింజన్ దూరని గల్లీలు. చైనాలో షెంజెన్ కూడా అంతే, పొలాలు ప్రభుత్వం తీసుకుంది, ఇళ్ల స్థలాలు ఊరివాళ్లకు వదిలేసింది, వాళ్లు వాటి మీదే అంతస్తులు లేపి అద్దెలకిచ్చారు. అక్కడ లక్షల మంది వలస కూలీలకు తక్కువ అద్దెకు నీడ దొరికింది, అది చిన్న విషయం కాదు. కానీ వెలుతురు, గాలి, డ్రైనేజీ మాత్రం ఎవరూ తర్వాత తెచ్చి పెట్టలేకపోయారు. కొత్తగా పెరిగే భాగానికి గీసే ప్లానులో పాత ఊరిని కూడా కలపాలని గట్టిగా అడగండి.

ఊరి చుట్టూ గీత

గీత లోపల ఇళ్లు, బయట పొలాలు. వినడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు. లండన్ చుట్టూ గ్రీన్ బెల్ట్ కోసం, అంటే కొత్త కట్టడాలు రానివ్వని పచ్చటి పట్టీ కోసం, 1938లో చట్టం వచ్చింది, 1947 ప్లానింగ్ చట్టంతో దానికి కోరలు వచ్చాయి, 1955లో మిగతా నగరాలకూ విస్తరించమన్నారు. పొలాలు నిజంగానే మిగిలాయి. కానీ జనం ఆగలేదు, బెల్ట్ దాటి అవతలి ఊళ్లలో ఇళ్లు కొనుక్కుని రోజూ రైళ్లలో, కార్లలో లండన్‌కు రావడం మొదలుపెట్టారు. బెల్ట్ లోపలి ఊళ్లలో ఇళ్ల ధరలు అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు అందకుండా పోయాయి. దీనికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు నాకు బాగా నచ్చింది: గీత బయట మామూలుగా అనుమతి రాని చిన్న ముక్క భూమిలో, ఆ ఊరితో సంబంధం ఉన్నవాళ్లకు మాత్రమే, ఎప్పటికీ తక్కువ ధరకే ఉండేలా కొన్ని ఇళ్లు కట్టనిస్తారు. అనుమతి రాదని తెలిసిన భూమి కాబట్టి చవకగా దొరుకుతుంది, అందులోనే కిటుకంతా ఉంది. గీత పద్ధతి ఎంచుకునే ఏ ఊరైనా దీన్ని మొదటి రోజే ప్లానులో రాసుకోవాలి.

గీత కదలాలా, కదలకూడదా అన్నది ఇంకో ప్రశ్న. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 1973లో చట్టం చేసింది, పోర్ట్‌లాండ్ చుట్టూ 1979లో హద్దు వచ్చింది. అక్కడి నియమం ఏమిటంటే హద్దు లోపల ఎప్పుడూ ఇరవై ఏళ్ల ఇళ్లకు సరిపడా భూమి ఉండాలి, కొన్నేళ్లకోసారి లెక్క చూసి అవసరమైతే జరపాలి. శాశ్వతం అని చెప్పి తర్వాత చాటుగా మినహాయింపులు ఇవ్వడం కన్నా ఇలా లెక్క చూసి బహిరంగంగా జరపడం ఎంతో నిజాయితీగా ఉంటుంది.

గీత బయట మిగిలిపోయిన రైతు సంగతి చూడాలి ఇప్పుడు. గీతకు ఇటు గట్టు మీద ఉన్నవాడు కోటీశ్వరుడు, అటు గట్టు మీద ఉన్నవాడికి పాత ధర. సియోల్ చుట్టూ 1971లో గ్రీన్ బెల్ట్ పెట్టినప్పుడు భూమి యజమానులకు పరిహారం ఇవ్వలేదు. ఇరవై ఏడేళ్లు గొడవ నడిచాక 1998లో కొరియా రాజ్యాంగ న్యాయస్థానం, అసలు వాడుకోలేకుండా పోయిన భూమికి పరిహారం లేకపోవడం రాజ్యాంగానికి సరిపోదని చెప్పింది, ఆ తర్వాత బెల్ట్ భాగాల్ని విడతలవారీగా తీసేస్తూ వచ్చారు. మన దగ్గర హైదరాబాద్ జలాశయాల కోసం తెచ్చిన 111 జీవో కూడా ఇదే దారిలో నడిచింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద 1996లో ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే, జలాశయాలకు నీళ్లు రావాలి. కానీ ఆ 84 గ్రామాల రైతులు సిటీ కోసం వదులుకున్నదానికి ఏటా ఇంత అని ఇచ్చే ఏర్పాటు అందులో లేదు. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది.

దీనికి పక్కన న్యూయార్క్‌ను పెట్టి చూడండి. ఆ సిటీకి నీళ్లు క్యాట్‌స్కిల్ కొండల పల్లెల మీదుగా వస్తాయి. 1997లో సిటీ ఆ పల్లెలతో ఒప్పందం చేసుకుంది: అమ్మడానికి ఒప్పుకున్నవాళ్ల దగ్గరే భూమి కొంటుంది, ఊళ్లలో పాడైన సెప్టిక్ టాంకులు తన డబ్బుతో బాగు చేయిస్తుంది, పొలాల్లోంచి ఎరువు, పేడ వాగుల్లోకి రాకుండా చేసే పనులకు రైతులకు డబ్బిస్తుంది. భారీ ఫిల్టర్ ప్లాంటు కట్టడం కన్నా సిటీకి అది చవక. అమెరికాలోనే మేరీలాండ్ రాష్ట్రంలో మాంట్‌గోమెరీ కౌంటీ ఇంకో దారి పట్టింది. 1980లో 93 వేల ఎకరాల్ని వ్యవసాయానికి కేటాయించి, 25 ఎకరాలకు ఒక్క ఇల్లే అన్నారు. బదులుగా రైతుకు ప్రతి 5 ఎకరాలకూ ఒక ఇల్లు కట్టుకునే హక్కును కాగితం మీద ఇచ్చారు, దాన్ని ఊరి వైపు కట్టే బిల్డర్ కొనుక్కుని అక్కడ ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చు. పొలం పొలంగానే ఉంది, రైతు చేతికి డబ్బూ వచ్చింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, ఆ హక్కుల్ని కొనేవాళ్లు ఉండాలంటే వాటిని వాడుకునే చోటు ముందే ఖాయం కావాలి, అక్కడ హక్కు కొనకుండా ఊరికే అదనపు అంతస్తులకు అనుమతి ఇవ్వకూడదు. ఇస్తే రైతు కాగితానికి విలువ సున్నా.

అన్ని ఊళ్లకూ తలా కొంచెమా, ఒకటి రెండు ఊళ్లకు ఎక్కువా

రాజకీయంగా మొదటిది తేలిక. పది ఊళ్లకు పదిశాతం చొప్పున ఇస్తే ఎవరూ అలగరు. కాస్త కాగితం తీసుకుని లెక్క వేస్తే మాత్రం ఇది నిలబడదు.

వెయ్యి ఇళ్లు రావాలనుకుందాం. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు వంద లీటర్లు, మొత్తం 4 లక్షల లీటర్లు. అందులో ఎనభై శాతం మురుగుగా తిరిగొస్తుంది, అంటే రోజుకు 3.2 లక్షల లీటర్లు. వెయ్యి ఇళ్లూ ఒక ఊరి చుట్టూ వస్తే ఒక శుద్ధి ప్లాంటు, దాన్ని చూసుకునే ఆపరేటర్, పంపు పాడైతే మార్చే బడ్జెట్ సాధ్యమే. పది ఊళ్లలో వంద వంద వస్తే 32 వేల లీటర్ల చిన్న ప్లాంట్లు పది కావాలి, కట్టిన మొదటి ఏడాది అన్నీ తిరుగుతాయి, తర్వాత ఒక్కోటీ మోటారు కాలి ఆగిపోతుంది, మనిషిని పెట్టే స్తోమత ఏ ఊరికీ ఉండదు.

బస్సు కూడా అంతే. అరగంటకో బస్సు నడవాలంటే ఎకరానికి కనీసం ఏడు ఇళ్లుండాలని రవాణా ప్లానర్లు చాలాకాలంగా ఒక అంచనా వాడుతున్నారు. స్టాపుకు 400 మీటర్లు నడుస్తారనుకుంటే ఆ వలయంలో సుమారు 124 ఎకరాలుంటాయి, అంటే దగ్గర దగ్గర 870 ఇళ్లు. వంద ఇళ్లు పెరిగిన ఊరికి పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు తప్ప రాదు. ప్రతి ఇంట్లో రెండు బండ్లు తప్పనిసరి అవుతాయి, కాలేజీకి వెళ్లాల్సిన ఆడపిల్ల ఎవరో ఒకరు దించితేనే వెళ్లగలుగుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు ఒకటి రెండు ఊళ్లనే పెద్దవి చేసే కేంద్ర గ్రామం పద్ధతి వైపు మొగ్గడానికి.

అయితే దాన్ని మొరటుగా చేస్తే ఎంత బాధ పెడుతుందో ఇంగ్లండ్‌లోని డరమ్ కౌంటీ చూపించింది. 1951 ప్లానులో బొగ్గు గని ఊళ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. డీ తరగతిలో పడ్డ వందకు పైగా ఊళ్లలో ఇక ప్రభుత్వ డబ్బు పెట్టబోమని ప్రకటించారు. జనం ఊరుకోలేదు, ఏళ్ల తరబడి పోరాడారు, 1977లో ఆ విధానం వదిలేశారు. కాగితం మీద చచ్చిపోయిన ఊళ్లలో చాలా వరకు ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద ఊరిని ఎంచుకోవడం వేరు, చిన్న ఊరికి కరెంటూ బడీ ఆపేయడం వేరు. చిన్న ఊళ్లకు పెరుగుదల తక్కువ ఇచ్చినప్పుడు కేంద్ర గ్రామంలో వసూలయ్యే డెవలప్‌మెంట్ ఛార్జీల్లో కొంత ఆ ఊళ్ల రోడ్డుకీ, బస్సుకీ, మంచినీళ్లకీ కట్టేలా ముందే రాసుకోవాలి. పన్నులు ఏ పంచాయతీకి ఆ పంచాయతీ వేరుగా ఉంచుకుంటే ఇది జరగదు, కొన్ని ఊళ్లు కలిసి ఒక ఖాతా పెట్టుకోవాలి.

రైలు వెంట, రోడ్డు వెంట

ఈ రెండూ ఒకటే అనుకోకండి. రోడ్డు వెంట ఇళ్లు, షాపులు బారుగా కట్టుకుంటూ పోతే ఆ రోడ్డు వేగం పోతుంది, వెనక పొలాలకు దారి మూసుకుపోతుంది, పైపు కిలోమీటర్ల కొద్దీ లాగాల్సి వస్తుంది. బ్రిటన్‌లో ఈ బారు కట్టడాలు ఆపడానికే 1935లో ప్రత్యేకంగా చట్టం చేశారు. రైలు స్టేషన్ చుట్టూ పెరగడం దీనికి పూర్తిగా వేరు, ఎందుకంటే రైలు స్టేషన్ దగ్గరే ఆగుతుంది కాబట్టి ఇళ్లు కూడా అక్కడక్కడా గుంపులుగానే వస్తాయి. కోపెన్‌హాగన్ 1947లో చేతి ఆకారంలో ప్లాను వేసుకుంది. నగరం అరచేయి, లోకల్ రైలు మార్గాలు ఐదు వేళ్లు, వేళ్ల మధ్య పొలాలూ అడవీ. వేళ్లు మొదట అనుకున్నదానికన్నా చాలా పొడుగు సాగాయి, కానీ మధ్యలో పచ్చదనం చాలావరకు మిగిలింది, 2007లో దానికి చట్టబద్ధమైన ఆదేశం కూడా తోడైంది. అక్కడ పెద్ద ఆఫీసులు స్టేషన్‌కు 600 మీటర్లలోపే రావాలన్న నియమం కూడా ఉంది. మీ ప్రాంతంలో రైలు నడుస్తుంటే, లేదా దానికి డబ్బు నిజంగా మంజూరై పని మొదలైతే, ఇంతకన్నా మంచి పద్ధతి కనిపించదు నాకు. మెట్రో వస్తుందట అన్న మాట మీద మాత్రం ఒక్క ఎకరం కూడా మార్చకండి.

కొత్త ఊరు

పాత ఊళ్ల జోలికి పోకుండా పక్కన కొత్త ఊరు కట్టడం అందరికీ నచ్చే ఆలోచన. అది పని చేసిన చోటు ఇంగ్లండ్‌లోని లెచ్‌వర్త్, 1903లో ఎబెనెజర్ హోవర్డ్ అనే ఆయన ఆలోచనతో మొదలైంది, అక్కడ భూమి వ్యక్తులకు విడివిడిగా అమ్మేయకుండా ఉమ్మడిగా ఉంచారు, ఆ అద్దెలు ఇవాళ్టికీ ఊరి పనులకే ఖర్చు పెడుతున్నారు. ఇబ్బంది పెట్టే విషయం సమయం. కేంబ్రిడ్జి పశ్చిమాన కాంబోర్న్ అని మూడు పల్లెల గుచ్ఛంలా ఒక కొత్త ఊరు కట్టారు, 3,300 ఇళ్ల ప్లాను, 1998లో పని మొదలైంది. హైస్కూలు వచ్చింది 2013లో. ఆ మధ్యలో పెరిగిన పిల్లలు పక్క ఊరి బడికి బస్సెక్కారు. కనీసం ఐదారు వేల ఇళ్లు లేకుండా, బడీ బస్సూ మొదటి వంద ఇళ్లతో పాటే రాకుండా కొత్త ఊరు అంటే నేనైతే వద్దంటాను.

భూమి ఎలా

పైన ఏది ఎంచుకున్నా రోడ్లకూ బడికీ డ్రైనేజీకీ స్థలం కావాలి. ప్రభుత్వం సేకరిస్తే ఆ రోడ్డు కింద పొలం పోయిన రైతు నష్టపోతాడు, రోడ్డు పక్కన పొలం ఉన్నవాడు బాగుపడతాడు. ఇద్దరూ నిన్నటిదాకా పక్కపక్క గట్ల మీద పని చేసినవాళ్లు. అందుకే నాకు అందరి భూమీ కలిపి, అందరి నుంచీ ఒకే నిష్పత్తిలో కొంత తీసి, మిగిలింది సర్ది తిరిగిచ్చే పద్ధతి మీద ఎక్కువ నమ్మకం. 1902లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ మేయర్ అడికెస్ దీనికి చట్టం తెచ్చారు. జపాన్‌లో 1954 చట్టంతో ఇది ఎంత విస్తరించిందంటే అక్కడి పట్టణ ప్రాంతంలో దాదాపు 30 శాతం ఇలాగే రూపు దిద్దుకుంది. మన దేశంలో 1915 బొంబాయి చట్టం నుంచే ఉంది, గుజరాత్ 1976 చట్టంతో టౌన్ ప్లానింగ్ స్కీములుగా ఇప్పటికీ నడుపుతోంది. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు స్థలం ఎక్కువగా ఈ స్కీములతోనే వచ్చింది.

దీంట్లో రైతు చూసుకోవాల్సింది ఒకే ఒక్క అంకె, ఎంత తిరిగొస్తుంది. గుజరాత్ స్కీముల్లో 40 శాతం దాకా తీస్తారు, అంటే దాదాపు 60 శాతం తిరిగొస్తుంది, అదీ తన పాత పొలం ఉన్న చోటో, దానికి దగ్గర్లోనో, చదరంగా సర్దిన ముక్కగా. అమరావతిలో 2015లో 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్ జరిగింది. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, నది పక్కన సారవంతమైన జరీబు భూమికైతే 1,000, 450. ఎకరం 4,840 గజాలు కాబట్టి తిరిగొచ్చేది 26 నుంచి 30 శాతం. రాజధాని నగరానికి పెద్ద రోడ్లూ ప్రభుత్వ స్థలాలూ కావాలి కాబట్టి అంత తీయడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, పదేళ్ల కౌలు చెల్లింపులు, భూమి లేని కూలీలకు నెలవారీ పింఛను కూడా ప్యాకేజీలో పెట్టారు. కానీ 2019లో ప్రభుత్వం మారాక పనులు ఆగిపోయాయి, 2024 తర్వాత గానీ మళ్లీ కదల్లేదు. ఆ మధ్యలో పొలం దున్నుకోలేక, ప్లాటు అమ్ముకోలేక రైతులు పడ్డ టెన్షన్ అందరం చూశాం. ఊరి స్థాయిలో చేసే పూలింగ్‌కు ఇందులో పెద్ద పాఠం ఉంది: స్కీము చిన్నదిగా ఉండాలి, 200, 300 ఎకరాలు చాలు, మెయిన్ రోడ్డూ పైపులూ పడే దాకా రైతు పొలం సాగులోనే ఉండాలి. గుజరాత్‌లో 1999 సవరణతో ముసాయిదా దశలోనే రోడ్ల స్థలం స్వాధీనం చేసుకునే వీలు తెచ్చారు, మిగతా లెక్కలు తేలడానికి ఏళ్లు పట్టినా రోడ్డు మాత్రం ఆగదు.

ప్రభుత్వం లేకుండా రైతులే కలిసి చేసుకున్న ఉదాహరణ పుణె అంచున మగర్‌పట్టా. సుమారు 120 కుటుంబాలు 400 ఎకరాల దాకా కలిపి కంపెనీ పెట్టుకుని వాటాలు తీసుకున్నారు, భూమి బిల్డర్‌కు అమ్మేసి వెళ్లిపోకుండా తామే కట్టి అద్దెల ఆదాయం ఉంచుకున్నారు. చుట్టరికాలు గట్టిగా ఉండి, నడిపించే మనిషి దొరికిన ఊరికి ఇది సాధ్యం. ప్రతి ఊళ్లో అవుతుందని మాత్రం చెప్పలేను.

మీ ఊరికి ఏది

మీ ఊరు జలాశయం పైన, వరద ముంపులో, లేదా రెండు పంటలు పండే నల్లరేగడి మధ్యలో ఉంటే గీతే మేలు, కానీ పొలం పొలంగా ఉంచినందుకు డబ్బు ఎవరు ఇస్తారో తేలాకే సంతకం పెట్టండి, ఊరి పిల్లల ఇళ్లకు చిన్న ముక్క మినహాయింపు తీసుకోండి. మెయిన్ పైపులైను, హైస్కూలు, బస్ డిపో లాంటివి ఇప్పటికే ఉన్న ఊరైతే కేంద్ర గ్రామం మీరే కావాలి, దానికి సిద్ధపడి పూలింగ్ చేసుకోండి, కుదిరినంత వరకు పాత ఊరికి అతుక్కునే పెరగండి. స్టేషన్ ఉంటే దాని చుట్టూ కిలోమీటరు లోపల ఒత్తుగా, ఆపైన పొలాలుగానే. ఇప్పటికే పాతిక వెంచర్లు పడిపోయిన ఊరికి వీటిలో ఏదీ మొత్తంగా సరిపోదు, అక్కడ కొత్త అనుమతులు ఆపి, వెంచర్ల మధ్య రోడ్లు కలిపే పనికీ వాగు దారి తెరిచే పనికీ ముందు దిగాలి, ఖర్చు, ఆ పనుల వల్ల లాభపడిన ప్లాట్ల మీద బెట్టర్‌మెంట్ ఛార్జీగా (విలువ పెరిగినందుకు కట్టే రుసుముగా) వేయాలి. చిన్న ఊరు, లోపలి ఊరు అయితే మీ పోరాటం పెరుగుదల కోసం కాకుండా బస్సు కోసం, పక్క కేంద్ర గ్రామం ఆదాయంలో వాటా కోసం చేయండి.

ఏ పద్ధతిలోనైనా కౌలు రైతు, కూలీ, గొర్రెల కాపరి పేరు పట్టాల్లో ఉండదు, కాబట్టి లెక్కలోకీ రారు. పొలం ప్లాట్లయితే యజమానికి డబ్బొస్తుంది, వాళ్లకు పని పోతుంది. పూలింగ్ చేసినా, లేఅవుట్ అనుమతి ఇచ్చినా ఊరికి వచ్చిన స్థలంలో వాళ్ల ఇళ్లకు ఇంత అని సర్వే నంబరుతో సహా రాయించాలి, తర్వాత చూద్దాం అన్న మాట ఒప్పుకోకూడదు.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికొచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోపు సర్వే నంబర్లు చదవగలిగేంత పెద్ద మ్యాపు తీసుకుని గ్రామసభలో గోడకు పెట్టించండి. మన ఊరికి వాళ్లు ఎంత జనాభా అనుకుంటున్నారు, ఆ జనాభాకు నీళ్లు ఏ లైన్ నుంచి, మురుగు ఏ ప్లాంటుకు, ఆ ప్లాంటు ఏ సర్వే నంబర్లో, ఎవరి డబ్బుతో అని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించిన కాపీ పంచాయతీలో ఫైలు చేయించండి.